రాక్ పాట వీడియో: ఆనవాయితీని పాటించడమా, ప్రశ్నించడమా?

రాక్ పాటకు వీడియో తీసే విద్యార్థి ముందు రెండు దారులు ఉంటాయి. మొదటిది ఆనవాయితీని పాటించడం: బృందం వాయిస్తున్న దృశ్యాలు, చేతి కెమెరా కుదుపులు, గిటారు తీగలపై వేళ్ల క్లోజప్, డ్రమ్ దెబ్బకు సరిగ్గా పడే కట్. 1981లో ఎంటీవీ మొదలైన నాటి నుంచి ప్రేక్షకులకు అలవాటైన ఈ దృశ్యభాష, పాట ఏ కోవకు చెందినదో రెండు షాట్లలోనే చెప్పేస్తుంది. కాకపోతే అరువు తెచ్చుకున్నట్లు కనిపించే ప్రమాదమూ ఉంది.

రెండోది ఆ ఆనవాయితీని ప్రశ్నించడం. నాకు ఇదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. ఉదాహరణకు, హోరెత్తే పల్లవి దగ్గర కట్‌లు పెంచడానికి బదులు గాయని ముఖాన్ని ఒకే షాట్‌లో నిలపవచ్చు. పాటను రెట్టింపు వేగంతో వినిపిస్తూ, ఆమె దానికి పెదవులు కలుపుతుండగా సెకనుకు 50 ఫ్రేముల చొప్పున చిత్రీకరించి, ఆ దృశ్యాన్ని 25 ఫ్రేముల చొప్పున నడిపిస్తే, పెదవులు అసలు పాటతో కలుస్తాయి గానీ జుట్టు, కనురెప్పలు మాత్రం నీటిలో ఉన్నట్లు నెమ్మదిగా కదులుతాయి. ఆ హోరుకూ ఈ నిదానానికీ మధ్య పుట్టే ఉద్రిక్తతను వేగవంతమైన కట్‌లు ఇవ్వలేవు. అయితే అంతకుముందు కొన్ని షాట్లలోనైనా గిటారు, డ్రమ్స్, వేగం కనిపించి ఉండాలి. లేకపోతే ఈ నిదానం ఉద్దేశపూర్వకంగా పెట్టినదని ప్రేక్షకుడికి తట్టదు, ఎడిటింగ్ లోపమనుకుంటాడు.