ఏడాది చివరి వారాల్లో ప్రాథమిక తరగతికి ఏది మేలు?

పాఠాలు పూర్తయి, సెలవులకు ఇంకా రెండు మూడు వారాలు మిగిలి ఉన్న దశలో ప్రాథమిక తరగతి టీచరు ముందు మూడు రకాల పనులు వచ్చి నిలుస్తాయి: ఏడాది పొడుగునా చెప్పినదాన్ని పునశ్చరణ చేయించడం, కోడింగ్ (కంప్యూటర్ చేయవలసిన పనిని ఆదేశాల వరుసగా రాయడం) లాంటి ఉత్సాహకరమైన పని ఒకటి చేయించడం, పిల్లల మనసు కుదురుగా ఉండేలా చూసుకోవడం. మూడూ అవసరమేనని అందరూ ఒప్పుకుంటారు కాని, ఒక్కొక్క దానికి ఏ పద్ధతిని ఎంచుకోవాలన్న దగ్గర తేడాలు వస్తాయి. వాటన్నిటినీ నేను ఇక్కడ ఒకే కొలతతో తూచదలిచాను: మిగిలిన రోజుల్లో ఆ పని పిల్లల చేతుల్లోనే పూర్తవుతుందా, లేదా? ఏడాది మధ్యలో సగం దాకా వచ్చి ఆగిపోయిన పనికి తర్వాతి వారం ఉంటుంది. ఏడాది చివర మొదలుపెట్టిన పనికి ఆ వెసులుబాటు ఉండదు.

పునశ్చరణ సంగతి త్వరగా తేలిపోయేది కాబట్టి ముందు దాన్ని ముగిస్తాను. పుస్తకం మళ్లీ చదివించి, అచ్చువేసిన వర్క్‌షీట్లు నింపించడం ఒక పద్ధతి. పుస్తకం మూయించి, గుర్తున్నదంతా రాయించడమో చెప్పించడమో మరొక పద్ధతి. మొదటిది తరగతిలో సాఫీగా సాగిపోతుంది, తమకు అన్నీ వచ్చునన్న ధైర్యం కూడా పిల్లలకు కలుగుతుంది. చిక్కంతా ఆ ధైర్యంలోనే ఉంది. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదువుకున్నవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు కాని, వారం తర్వాత పెట్టిన పరీక్షలో, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే మెరుగ్గా నిలిచారు. వారు కళాశాల విద్యార్థులు, చిన్నపిల్లలు కారు. అయినా, దీర్ఘ సెలవులకు వెళ్లబోతున్న తరగతి విషయంలో ఐదు నిమిషాల తర్వాతి ఫలితాన్ని చూసి మురిసిపోవడం వల్ల ఒరిగేది లేదు.

గుర్తుచేసుకునే పద్ధతిలోనూ జట్ల క్విజ్ కన్నా పలకల మీద జవాబు రాయించడం మేలని నా అభిప్రాయం. క్విజ్‌లో చురుకైన నలుగురు జవాబులు చెబుతుంటే మిగిలినవారు చప్పట్లు కొట్టి కూర్చుంటారు. ప్రశ్న అడిగి, అందరూ రాసేదాకా ఆగి, ఒక్కసారిగా పలకలు ఎత్తమంటే, మూడులో ఒక వంతు పెద్దదా, నాలుగులో ఒక వంతు పెద్దదా అన్నది ఎంతమందికి ఇంకా తేలలేదో టీచరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. నాలుగు మూడు కన్నా పెద్దది కాబట్టి నాలుగో వంతే పెద్దదని రాసిన పలకలు ఏ తరగతిలోనైనా కొన్ని పైకి లేస్తాయి.

ఇక కోడింగ్. ఇక్కడ పోటీ ప్రధానంగా రెండింటి మధ్య: కంప్యూటర్ తెర మీద బ్లాకులు, అంటే ఒక్కో ఆదేశం ఉన్న ముక్కలు పేర్చి చేసే కోడింగ్, కంప్యూటర్ అసలే లేకుండా నేల మీద, కాగితం మీద చేసే కోడింగ్. రెండోదాన్ని పరికరాలు లేనిచోట సర్దుబాటుగా చేసేదని చాలామంది అనుకుంటారు కాని, అది నిజం కాదు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయన సహచరులు 1990ల నుంచీ కంప్యూటర్ శాస్త్రంలోని మూలభావాలను కార్డులు, తాడు, సుద్దముక్కలతో నేర్పే కృత్యాలను రూపొందిస్తూ వచ్చారు. అంతకు ముందే, 1967లో పిల్లల కోసం లోగో అనే కోడింగ్ భాషను రూపొందించిన వారిలో ఒకరైన సీమోర్ పేపర్ట్, ఆ భాషలో ఆదేశాల ప్రకారం కదిలే ‘తాబేలు’ ఎటు తిరగాలో తెలియని పిల్లలను తామే తాబేలై నడిచి చూడమనేవారు. తెర మీది కోడింగ్‌కు నేల మీది నడక మొదటి మెట్టు అన్న ఆలోచన ఆనాటిదే.

నేల మీద ఐదు వరుసల గళ్లు గీసి, ఒకరిని రోబోగా నిలబెట్టి, మరొకరి చేత ఆదేశాలు రాయించి చూస్తే ఆ మెట్టు ఎందుకు అవసరమో అర్థమవుతుంది. ఆదేశాలు మూడే: ఒక గడి ముందుకు, కుడికి తిరుగు, ఎడమకు తిరుగు. మొదటిసారి రాసేటప్పుడు చాలామంది పిల్లలు ‘కుడికి తిరుగు’ అంటే కుడివైపు గడిలోకి వెళ్లడమనే అనుకుంటారు. నిలుచున్న గడిలోనే ఉండి దిశ మాత్రమే మార్చుకోవడమన్నది వారికి తట్టదు. రోబోకు ఎదురుగా కూర్చుని రాసేవారికి ఇంకో ఇబ్బంది, తమ కుడి రోబోకు ఎడమ అవుతుంది. ఈ రెండు తికమకలూ ఒక్క పీరియడ్‌లోనే బయటపడతాయి, ఆ పీరియడ్‌లోనే సర్దుకుంటాయి కూడా, ఎందుకంటే తప్పు ఏ గడిలో జరిగిందో తరగతి అంతటికీ కనిపిస్తూనే ఉంటుంది.

అయితే నేల మీది కోడింగ్‌లో ఒక లోపం ఉంది, ఆ పద్ధతిని మెచ్చుకునేవారు ఈ లోపం గురించి ఎక్కువగా చెప్పరు. రోబోగా నిలబడ్డ పిల్లవాడికి మనసుంటుంది. స్నేహితురాలు రాసిన ఆదేశం తప్పని తెలిసినా, ఆమె ఉద్దేశం గ్రహించి, సరైన గడిలోనే అడుగు వేస్తాడు. యంత్రం అలా చేయదు. రాసింది రాసినట్టు చేస్తుంది, కోడింగ్‌లో పిల్లలు నేర్చుకోవలసిన మొదటి సంగతి కూడా అదే. అందుచేత చేరవలసిన గడి ఏదో ఆదేశాలు రాసేవారికి మాత్రమే చెప్పి, రోబోకు తెలియకుండా ఉంచాలి. అప్పుడు ఊహించి సాయం చేయడానికి వీలుండదు, రాసిన తప్పు తప్పుగానే నడుస్తుంది.

తెర మీది కోడింగ్‌లో ప్రాథమిక తరగతులకు ఎక్కువగా వాడేది స్క్రాచ్. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం తయారుచేసి 2007లో విడుదల చేసిన ఈ ఉచిత ఉపకరణం ప్రధానంగా 8 నుంచి 16 ఏళ్లవారిని ఉద్దేశించింది. 5 నుంచి 7 ఏళ్లవారి కోసం స్క్రాచ్ జూనియర్ 2014లో వచ్చింది. స్క్రాచ్‌లో యంత్రం నిక్కచ్చితనం మొదటి నిమిషంలోనే తెలిసివస్తుంది. ఉదాహరణకు, తెర మీద గీతలు గీసే పెన్ బ్లాకులతో మూడు భుజాలూ సమానమైన త్రిభుజం గీయమంటే, దాని కోణం 60 డిగ్రీలని తెలిసిన పిల్లలు మూడుసార్లు ముందుకు జరిపి, ప్రతిసారీ 60 డిగ్రీలు తిప్పుతారు. తెర మీద త్రిభుజం రాదు, షడ్భుజిలో సగం వస్తుంది. తిప్పవలసింది లోపలి కోణమంత కాదు, బయటి కోణమంత, అంటే 120 డిగ్రీలు. లెక్కల పుస్తకంలో ఎన్ని పేజీలు తిప్పినా ఇంత స్పష్టంగా ఎదురుకాని విషయమిది. అయితే తప్పు వచ్చిందని తెర చూపిస్తుంది గాని, ఎందుకు వచ్చిందో చూపించదు. అది తెలియడానికి పిల్లవాడు లేచి, నేల మీద గీసిన త్రిభుజం అంచు వెంట నడిచి, మూల దగ్గర తన శరీరం ఎంత తిరగాల్సి వచ్చిందో చూసుకోవాలి.

అందువల్ల ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవలసిన అవసరం ఏడాది మధ్యలోనైతే ఉండదు. ఏడాది చివర మాత్రం కాలం లెక్క వేరు. నలభై నిమిషాల పీరియడ్‌లో పిల్లలను కంప్యూటర్ గదికి తీసుకువెళ్లడానికి, మరిచిపోయిన పాస్‌వర్డ్‌లు వెతకడానికి, పనిచేయని మౌస్ మార్చడానికి పోయే సమయం పోగా మిగిలేది ఎంతో టీచర్లకు చెప్పనక్కరలేదు. ఆ మిగిలిన సమయంలో ‘మీకు నచ్చిన ఆట తయారుచేయండి’ అంటే, బొమ్మ రంగు, చొక్కా, వెనుక దృశ్యం ఎంచుకోవడంతోనే మొదటి పీరియడ్ గడిచిపోతుంది. అది ఆనందించదగ్గ పనే కాని, ఆట మాత్రం సెలవుల్లోపు తయారవదు.

ఏడేళ్లలోపు పిల్లలకు ఈ దశలో నేల మీది కోడింగే మేలు; ఏడాదంతా టాబ్లెట్‌తో అలవాటు ఉన్న తరగతి అయితేనే స్క్రాచ్ జూనియర్ వైపు వెళ్లవచ్చు. ఎనిమిది నుంచి పదేళ్లవారికి ఒక పీరియడ్ నేల మీద, రెండు మూడు పీరియడ్లు తెర మీద సరిపోతాయి. తెర మీద కూడా ఖాళీ పేజీ ఇవ్వకుండా, టీచరు ముందే తయారుచేసి, కావాలని ఒక తప్పు ఉంచిన ప్రోగ్రాం ఇవ్వాలి. ఉదాహరణకు, స్క్రాచ్ తెర మీద ఉండే పిల్లి బొమ్మ నడుస్తూ వెళ్లి తెర అంచుకు తగిలి వెనక్కి మళ్లినప్పుడు తలకిందులవుతుంది. పిల్లలందరూ నవ్వుతారు, ఆ నవ్వులోనే ‘ఎందుకలా అయింది?’ అన్న ప్రశ్న పుడుతుంది. పిల్లి కుడి ఎడమలకు మాత్రమే తిరిగేలా అమర్చే బ్లాకు ఒక్కటి చేరిస్తే అది నిటారుగా నడుస్తుంది. వెతకడం, కనుక్కోవడం, సరిచేయడం ఒకే పీరియడ్‌లో ముగుస్తాయి. ఇద్దరికి ఒక కంప్యూటర్ ఇచ్చి, ఒకరు మౌస్ పట్టుకుని, మరొకరు చెబుతూ, పది నిమిషాలకోసారి స్థానాలు మార్చుకోవడం మంచిది. మార్చమని టీచరు గంట కొట్టకపోతే మౌస్ చేతులు మారదన్నది అనుభవమున్న వారందరికీ తెలుసు.

మిగిలిన పరికరాల గురించి క్లుప్తంగా చెబుతాను. బీ-బాట్ అనే నేల రోబో అడుగుకు 15 సెంటీమీటర్లు జరుగుతుంది, తన చోటనే 90 డిగ్రీలు తిరుగుతుంది, ఎవరినీ కనికరించదు. రోబోగా నిలబడ్డ పిల్లవాడు ఊహించి సాయం చేస్తాడని పైన చెప్పిన లోపానికి ఇదే అసలైన విరుగుడు. కాని తరగతికి ఒకటో రెండో ఉంటే పిల్లల సమయంలో ఎక్కువ భాగం తమ వంతు కోసం ఎదురుచూడటానికే సరిపోతుంది. 25 చిన్న దీపాలు, రెండు బొత్తాలు ఉండే మైక్రో:బిట్ అనే చిట్టి కంప్యూటర్ మంచి పరికరం. 2016లో బ్రిటన్‌లో దాన్ని పెద్ద ఎత్తున పంచినప్పుడు 11, 12 ఏళ్లవారిని ఉద్దేశించారు. ప్రాథమిక తరగతిలో, అందులోనూ ఆఖరి వారాల్లో, దాన్ని మొదటిసారి పరిచయం చేయడం వద్దు. 2013లో మొదలైన, కోడింగ్‌ను పరిచయం చేసే అవర్ ఆఫ్ కోడ్ కార్యక్రమం తరహా కృత్యాలు గంటలో ముగుస్తాయి కాబట్టి, సన్నాహానికి సమయం లేని టీచరుకు ఒక రోజు అక్కరకొస్తాయి.

కోడింగ్‌నూ పునశ్చరణనూ కలిపి, ఎక్కాల క్విజ్ ప్రోగ్రాం తయారు చేయిస్తే రెండూ ఒకేసారి నెరవేరతాయన్న సలహా తరచుగా వినిపిస్తుంది. నేను దానితో ఏకీభవించను. ఏడో ఎక్కంలో ఒకే ప్రశ్నను బ్లాకుల్లో పెట్టడానికి అరగంట పడితే, ఆ అరగంటలో పిల్లవాడు గుర్తుచేసుకున్నది ఒకే ఒక గుణకారం.

మనసు కుదుటపడే కృత్యాల విషయానికి వస్తే, మొట్టమొదట గుర్తుకు వచ్చేది కళ్లు మూసుకుని శ్వాస గమనించడం. దాని వల్ల హాని లేదు, అల్లరి తర్వాత తరగతి సద్దుమణగడానికి పనికివస్తుంది. కాని దానికి ఇచ్చే ప్రాధాన్యం ఎక్కువని నాకనిపిస్తుంది. బ్రిటన్‌లో ఎనిమిది వేలకు పైగా విద్యార్థులతో జరిగిన మిరియడ్ అధ్యయనం 2022లో వెలువడింది. బడిలో తరగతి మొత్తానికి నేర్పిన మైండ్‌ఫుల్‌నెస్ (శ్వాస లాంటి దాని మీద, ఈ క్షణం మీద ధ్యాస నిలిపే సాధన), అప్పటికే బడులు చేస్తున్న మామూలు కార్యక్రమాల కన్నా మెరుగైన ఫలితం ఇవ్వలేదని తేల్చింది. అది 11 నుంచి 13 ఏళ్లవారి మీద జరిగినదే అయినా, చిన్న తరగతుల్లో రోజూ అరగంట దానికే కేటాయించే ముందు ఆలోచించవలసిన సంగతి. ఆ అరగంట మైదానంలో గడిపితే, 5 నుంచి 17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శారీరక శ్రమ ఉండాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలో సగమైనా నెరవేరుతుంది.

పైగా ఏడాది చివర పిల్లలను కలవరపెట్టే విషయాలు నిర్దిష్టమైనవి. పై తరగతి టీచరు ఎలా ఉంటారు, పక్కన ఎవరు కూర్చుంటారు, ఈ గది మళ్లీ ఉండదా అన్నవే ఆ ప్రశ్నలు. వాటికి జవాబు శ్వాసలో దొరకదు. తరగతిని పై తరగతి గదికి తీసుకువెళ్లి, అక్కడి టీచరుతో అరగంట కూర్చోబెడితే దొరుకుతుంది. అన్ని కృత్యాల్లోకీ ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉన్నది ఇదే. దాని తర్వాతి స్థానం, వచ్చే ఏడాది ఈ తరగతిలో చేరబోయే పిల్లలకు ఉత్తరం రాయించడానిది.

తోటివారి గురించి మంచి మాటలు రాసే కాగితం తిప్పడం చాలా తరగతుల్లో జరిగేదే. నియమం లేకుండా తిప్పితే అందరి కాగితాల మీదా ‘నువ్వు మంచిదానివి’ అనే ఉంటుంది, ఒకరిద్దరి కాగితాల మీద అదీ ఉండదు. ఎవరు ఎవరికి రాయాలో చీటీలు వేసి నిర్ణయించి, ఆ పిల్ల ఈ ఏడాది చేసిన ఒక పనిని రాయమనాలి: పెన్సిల్ ఇచ్చింది, పడిపోయినప్పుడు టీచరును పిలిచింది, అలాంటిది. బిరుదు పత్రాల పంపిణీ కన్నా ఇది అన్ని విధాలా మేలు, ఎందుకంటే అక్కడ ఏటా అవే పేర్లు వినిపిస్తాయి.

ఇంకొక మాట. సెలవులు అందరు పిల్లలకూ సంతోషం కావు. ఇంటి దగ్గర ఎవరూ లేనివారికి, గొడవలున్న ఇళ్లలోని వారికి బడి టైంటేబులే ఆసరా. అందుచేత ఆఖరి వారాల్లో పండగ వాతావరణం తెచ్చినా, మొదటి పీరియడ్, చివరి పీరియడ్ ఎప్పటిలాగే నడిపించడం మంచిది. పలకల పునశ్చరణను రోజూ ఉదయం పావుగంటకు పరిమితం చేసి, కోడింగ్‌ను మొదటి రెండు వారాల్లోనే ముగించి, ఉత్తరాలూ పై తరగతి సందర్శనా మూడో వారంలో పెట్టుకుంటే ఒకదాన్నొకటి తోసుకోకుండా సాగుతాయి. ఉన్నది ఒక్క వారమే అయితే ముందు వదులుకోవలసింది తెర మీది కోడింగ్‌ను, పై తరగతి సందర్శనను కాదు. తెర మీది పని చేయించినవారు మాత్రం, సెలవుల్లో కంప్యూటర్లలోని పాత ఫైళ్లు తుడిచేసేలోగా పిల్లల స్క్రాచ్ ఫైళ్లను ఎవరి పేరుతో వారివి దింపుకుని, పై తరగతి టీచరుకు అప్పగించాలి.