మార్చిన ఇంజిన్‌తో పోర్షె బాక్‌స్టర్ 986: చాలాకాలం వాడాక రాస్తున్న సమీక్ష

కారు 1999 మోడల్ బాక్‌స్టర్, 2.5 లీటర్లు, ఐదు గేర్ల మాన్యువల్, అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కారుగా దీనికి వంక పెట్టడానికి లేదు. రోడ్డు గురించి స్టీరింగు ద్వారా చేతికి ఇంత స్పష్టంగా చెప్పే పాత కార్లు ఈ ధరలో చాలా తక్కువ. ఇంజిన్ మధ్యలో ఉండటం వల్ల మలుపుల్లో వచ్చే ఆ నిలకడ ఇప్పటికీ తగ్గలేదు. కానీ 986 (తొలి తరం బాక్‌స్టర్) కొనాలనుకునే వాళ్లకు ఇవన్నీ తెలిసినవే. తెలియాల్సింది వేరే ఉంది. "ఇంజిన్ మార్చారు" అన్న కారు ఎదురైతే, లోపల ఉన్నది ఏ ఇంజిన్ అని ఎలా తేల్చుకోవాలి? ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

986ల్లో ఇంజిన్ మార్చినవి అరుదేమీ కాదు. తొలి 2.5 ఇంజిన్లు కొన్నింటికి క్రాంక్‌కేస్ (ఇంజిన్ ప్రధాన దిమ్మె) పోతలో లోపాలొచ్చాయి. కొన్నింటిలో సిలిండర్ స్లీవ్ (లోపలి తొడుగు) జారింది. వారంటీలో ఉన్నవాటికి ఫ్యాక్టరీ మొత్తం ఇంజినే ఇచ్చింది. తర్వాత ఐఎంఎస్ బేరింగ్, అంటే ఇంటర్మీడియట్ షాఫ్ట్ వెనక చివర ఉండే బేరింగ్, విరిగి పోయిన ఇంజిన్లు కొన్ని. వీటి స్థానంలో ఫ్యాక్టరీ ఎక్స్చేంజ్ ఇంజిన్ రావచ్చు, యాక్సిడెంట్ అయిన కారులోంచి తీసిన పాత ఇంజిన్ రావచ్చు, ఏదో షెడ్డులో కట్టినదీ రావచ్చు. మూడింటి విలువ మూడు రకాలు.

ముందు కాగితాలు. మన ఆర్సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఉంటాయి కాబట్టి మనవాళ్లు అమెరికా టైటిల్‌లో (యాజమాన్య పత్రంలో) కూడా ఇంజిన్ నంబరు ఉంటుందనుకుంటారు. ఉండదు, విన్, అంటే ఛాసిస్ నంబరు, ఒక్కటే ఉంటుంది. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు కాస్త నయం, అక్కడి వి5సిలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఇంజిన్ నంబరు రాసి ఉంటుంది. ముందు డిక్కీ మూత లోపలా, సర్వీస్ పుస్తకంలోనూ అంటించిన స్టిక్కర్‌లో ఇంజిన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్ ఉంటాయి. అది ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పటి సంగతి. ఇప్పుడు లోపల ఉన్నదానికి సాక్ష్యం కాదు, పోల్చి చూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది.

అసలు నంబరు కారు కింద, ఆయిల్ చాంబర్ పక్కన క్రాంక్‌కేస్ మీద చెక్కి ఉంటుంది. కారును లిఫ్ట్ మీదో, గట్టి స్టాండ్ల మీదో నిలబెట్టాలి. జాకీ ఒక్కటే పెట్టి కిందకి దూరొద్దు. జిడ్డుకు బ్రేక్ క్లీనర్ కొట్టి, ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దాలి. గ్రైండర్‌కు బిగించే వైర్ వీల్ వాడితే అల్యూమినియం అరిగి అక్షరాలే పోతాయి. తుడిచాక సుద్ద రుద్ది, టార్చి పక్కనుంచి వేసి ఫోటో తీస్తే గుంటల్లోని తెలుపు చక్కగా కనిపిస్తుంది.

చదవడం ఇలా. మొదట ఇంజిన్ టైపు. ఎం96/20 అంటే 2.5 (1997–99). ఎం96/22 అంటే 2.7, ఎం96/21 అంటే ఎస్ మోడల్ 3.2, ఈ రెండూ 2000–02. ఎం96/23, ఎం96/24 వరుసగా 2003–04 నాటి 2.7, 3.2. ఎం96/01 గానీ ఎం96/04 గానీ కనిపిస్తే అది 996లోని (అప్పటి పోర్షె 911లోని) 3.4 ఇంజిన్, బాక్‌స్టర్‌లో పెట్టినది. టైపు తర్వాత వచ్చే వరుసలో మొదటి 6 సిలిండర్ల సంఖ్య, రెండోది ఇంజిన్ రకం (2.5, 2.7లకు 5; 3.2కు 7, 996కు 6), మూడోది మోడల్ సంవత్సరం. వి అంటే 1997, డబ్ల్యూ 1998, ఎక్స్ 1999, వై 2000. అక్కడి నుంచి 1, 2, 3 అంటూ అంకెలు. అంటే 651తో మొదలైతే 2001 నాటి 2.7. విన్‌లో పదో స్థానంలోనూ ఇవే గుర్తులు కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. వాటిలో తేడా ఉంటే ఇంజిన్ మారి ఉండొచ్చు.

నంబరు తుప్పు తినో, దెబ్బ తగిలో చదవలేని స్థితిలో ఉంటే? బయటి భాగాలను నమ్మొద్దు. 2.5 కారులో 2.7 బ్లాక్ పెట్టేవాళ్లు పాత ఇన్‌టేక్, కేబుల్ థ్రాటిల్, పాత డీఎంఈ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు) అలాగే ఉంచేస్తారు, ఎందుకంటే 2000 నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ థ్రాటిల్, మోట్రానిక్ 7.2 రకం డీఎంఈ పాత కారు వైరింగుకు కుదరవు. అందుకే పైకి అంతా 2.5 లాగే కనిపిస్తుంది. అప్పుడు స్ట్రోక్, అంటే పిస్టన్ కదిలే దూరం, కొలవాలి. 2.5ది 72 మి.మీ., 2.7, 3.2, 3.4 మూడింటిదీ 78 మి.మీ. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఒక కాయిల్ (5 మి.మీ. అలెన్), దాని కింది స్పార్క్ ప్లగ్ (16 మి.మీ. సాకెట్) తీయండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, ప్లగ్ గుంతలోంచి పిస్టన్‌కు ఆనేలా పొడవాటి ప్లాస్టిక్ కడ్డీ పెట్టండి. ఇనుప కడ్డీ వద్దు. సీట్ల వెనక కవర్ తీస్తే బెల్టు వైపు కనిపిస్తుంది. అక్కడ క్రాంక్ పుల్లీ బోల్టుకు 24 మి.మీ. సాకెట్ వేసి ఒకరు సవ్యదిశలోనే నెమ్మదిగా తిప్పాలి, రెండోవారు కడ్డీ పూర్తిగా లోపలికి వెళ్లిన చోట, పూర్తిగా బయటికొచ్చిన చోట గీతలు పెట్టాలి. గీతల మధ్య దూరమే స్ట్రోక్. 6 మి.మీ. తేడా స్కేలుకు కూడా తెలిసిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు ప్లగ్‌కు 30 న్యూటన్ మీటర్లు. 2.7కూ 3.2కూ మధ్య తేడా దీనితో తేలదు, అక్కడ నంబరే దిక్కు.

ఇక అసలు చిక్కు. ఈ కారు ఇంజిన్ టైపు పక్కన ఏటీ అని చెక్కి ఉంది. అది ఫ్యాక్టరీ ఎక్స్చేంజ్ ఇంజిన్ గుర్తు. ఐఎంఎస్ గురించి చదివినవాళ్లకు ఒక లెక్క తెలిసే ఉంటుంది: 2.7లో 651 12851 వరకూ, 3.2లో 671 11237 వరకూ రెండు వరుసల గుండ్లున్న బేరింగ్, ఆపైన ఒక వరుసది. ఒక వరుసదే ఎక్కువగా పోతుంది. సీలు వేసిన బేరింగ్ కాబట్టి లోపలి గ్రీజు కాలక్రమంలో కరిగిపోతుంది, చొరబడిన ఆయిల్ మారదు, దాంతో గుండ్లు ఎండి అరుగుతాయి. ఏటీ ఇంజిన్‌కు ఈ హద్దులు వర్తించవు. అది కట్టిన రోజున ఏ షాఫ్టు అందుబాటులో ఉందో అదే పడుతుంది. 1999 కారు కదా, రెండు వరుసలదే ఉంటుందిలే అని అమ్మేవాళ్లు ధైర్యం చెబుతారు. ఈ కారులో క్లచ్ పని సమయంలో విప్పితే ఒక వరుసదే బయటపడింది.

దీన్ని కచ్చితంగా చూడాలంటే గేర్‌బాక్స్, క్లచ్, ఫ్లైవీల్ దించాల్సిందే. కాబట్టి క్లచ్ మార్చే రోజే ఈ పని పెట్టుకోవడం తెలివి. ఫ్లైవీల్ తీయగానే ఐఎంఎస్ కవర్ మధ్యలోని నట్టు చూడండి. 22 మి.మీ. ఉంటే 2005 ప్రాంతంలో వచ్చిన పెద్ద బేరింగ్. అది ఇంజిన్ రెండుగా విప్పకుండా బయటికి రాదు. బయటి సీలు మాత్రం తీసేసి ఆయిల్ తగిలేలా వదిలేయొచ్చు. 13 మి.మీ. ఉంటే మార్చుకోదగ్గ పాత రకం. కవర్ తీశాక స్నాప్ రింగు కళ్లెదుట కనిపిస్తే ఒక వరుసది, కనిపించకుండా లోపలి గాడిలో తీగ క్లిప్ ఉంటే రెండు వరుసలది. ఒక్క జాగ్రత్త: కవర్ బోల్టులు ముట్టుకునే ముందే క్రాంక్‌ను టీడీసీ (పిస్టన్ చివరికంటా పైకి వచ్చిన స్థానం) దగ్గర పిన్నుతో లాక్ చేసి, చైన్ టెన్షనర్లు వదులు చేయాలి. ఇది దాటేస్తే షాఫ్టు పక్కకు ఒరిగి, చైన్ పళ్లు తప్పి వాల్వ్ టైమింగు పోతుంది. మంచి ఇంజిన్లు ఈ ఒక్క తొందరలో పోయిన సందర్భాలున్నాయి. క్రాంక్ వెనక సీలు కూడా అప్పుడే కొత్తది వేయించుకోండి.

2000 తర్వాతి కార్లలో కంప్యూటరు పెట్టి ఓవర్‌రెవ్ (ఇంజిన్ హద్దు మించి తిరిగిన) లెక్కలు, నడిచిన గంటలు చూపించి "ఇంజిన్ శుభ్రం" అనేవాళ్లున్నారు. ఆ లెక్కలు డీఎంఈలో ఉంటాయి. ఇంజిన్ మారినా డీఎంఈ కారులోనే మిగిలిపోతుంది. అంటే చూపిస్తున్నది పాత ఇంజిన్ చరిత్ర కూడా కావచ్చు.

వాడకంలో ఈ ఏటీ ఇంజిన్ మీద తీర్పు బాగుందనే. బేరింగ్ మార్చాక ఆయిల్ తాగడం లేదు, చలిలో స్టార్ట్ చేసినా చైన్ మోత లేదు. వెనక నుంచి తెల్లపొగ దట్టంగా వస్తే ఇంజిన్ పోయిందని బెంబేలెత్తొద్దు, చాలాసార్లు అది ఏఓఎస్, అంటే ఆయిల్ ఆవిరిని వేరుచేసే డబ్బా, లోపలి డయాఫ్రం చిరిగినందువల్ల. వాటర్ పంపు ప్లాస్టిక్ రెక్కలది కాబట్టి విరిగేదాకా ఆగకుండా మార్చేయాలి, ముక్కలు కూలెంట్ దారుల్లో ఇరుక్కుంటాయి. ఆయిల్ ఫిల్టర్‌తో కలిపి సుమారు 8.5 లీటర్లు పడుతుంది. డ్రెయిన్ బోల్టు 50, ఫిల్టర్ డబ్బా 25 న్యూటన్ మీటర్లు. ప్రతిసారీ తీసిన ఫిల్టర్ కాగితాన్ని కోసి మడతలు విప్పి ఎండలో చూడండి. అయస్కాంతానికి అంటుకునే సన్నటి మెరుపు ముక్కలు ఉంటే బేరింగ్, నల్లటి ప్లాస్టిక్ తునకలైతే చైన్ గైడ్లు. కొనే ముందు అమ్మేవాళ్లు ఫిల్టర్ విప్పనివ్వకపోతే, ఏటీ ఇంజిన్ బిల్లు కూడా చూపించలేకపోతే, బేరింగ్ పనికీ క్లచ్‌కీ అయ్యే మొత్తం ఖర్చును ధరలోంచి తగ్గించి అడగండి. ఒప్పుకోకపోతే వదిలేయండి, 986లు ఇంకా చాలానే దొరుకుతున్నాయి.