బెల్టు మార్చామని స్టిక్కర్ వేసి అమ్ముతున్నారు, డీజిల్ కారు కొనేవాళ్ళు జాగ్రత్త

సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ బండి చూస్తున్నవాళ్ళు టోకెన్ అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. హైదరాబాద్‌లో రోజూ రీల్స్ పెట్టి ‘సింగిల్ ఓనర్, రూపాయి పని లేదు’ అని అరిచే పాత కార్ల కన్సల్టెన్సీ ఒకటి ఉంది కదా, వాళ్ళ గురించే. పేరు రాయను, ఆ రీల్స్ చూసేవాళ్ళకు అర్థమైపోతుంది.

వాళ్ళ దగ్గర 2015 మోడల్ డస్టర్ డీజిల్ తీసుకున్నాను. అప్పటికి 88 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈ ఇంజన్‌లో పార్టులు ఒక లెక్కలో తిరిగేలా పట్టి ఉంచేది టైమింగ్ చైన్ కాదు, టైముకి మార్చాల్సిన రబ్బరు బెల్టు అని తెలుసు కాబట్టి నేను మొట్టమొదట అడిగింది దాని గురించే. కన్సల్టెన్సీ ఓనర్ బానెట్ ఎత్తి బెల్టు కవర్ మీద అంటించిన స్టిక్కర్ చూపించాడు. టైమింగ్ బెల్ట్ కిట్, 79,200 కిలోమీటర్లు అని నల్ల మార్కర్‌తో రాసి ఉంది. ‘ఇక దాని జోలికి పోవాల్సిన పనే లేదన్నా, ఇప్పుడిప్పుడే మార్చాం’ అన్నాడు. బిల్లు అడిగితే పాత ఓనర్ దగ్గర ఉంది, వాట్సాప్‌లో పంపిస్తాం అన్నాడు. ఆ బిల్లు ఈ రోజుకీ రాలేదు.

మొన్న విజయవాడ నుంచి వస్తున్నాం, వెనక సీట్లో అమ్మ, పిల్లలు. సూర్యాపేట దాటాం, బండి 90 మీద ఉంది. ముందు ఏ శబ్దమూ రాలేదు, ఏ లైటూ వెలగలేదు, టక్కున ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. బ్రేకు ఒకటి రెండుసార్లు పట్టింది గానీ ఆ తర్వాత పెడల్ రాయిలా అయిపోయింది, వెనక నుంచి లారీ హారన్ కొట్టుకుంటూ మీదకు వస్తోంది. ఎలాగో ఎడమ పక్కకు లాగి ఆపాను. సెల్ఫ్ కొడితే ఇంజన్ పట్టుకోకుండా మామూలు కంటే తేలిగ్గా గిర్రున తిరిగింది. ఎవరి బండైనా నడుస్తూ ఆగిపోయి తర్వాత సెల్ఫ్ ఇలా తిరిగితే దయచేసి మళ్ళీ మళ్ళీ కొట్టకండి, బెల్టు తెగి కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి, పోయి ఉండొచ్చు. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి, బండిని టోయింగ్ బండి మీద ఎక్కించుకుని హైదరాబాద్ చేరేసరికి అర్ధరాత్రి అయింది.

మర్నాడు షెడ్డులో మా మెకానిక్ కవర్ విప్పి నన్ను దగ్గరికి పిలిచాడు. బెల్టుకు కింద క్రాంక్ పుల్లీ దగ్గర జానెడు పొడవున పళ్ళే లేవు, నున్నగా గీకేసినట్టు ఉంది. వీపు మీద అడ్డంగా సన్నని పగుళ్ళు. కంపెనీ అక్షరాలు అరిగిపోయి లీలగా కనిపిస్తున్నాయి. ‘అన్నా, ఇది కారుతో పాటు వచ్చిన బెల్టే’ అన్నాడు. నాకు నమ్మబుద్ధి కాలేదు, స్టిక్కర్ ఉంది కదా అన్నాను. అప్పుడు కుడివైపు ఇంజన్ మౌంట్, అంటే ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే పార్టు, చూపించాడు. ఈ బండికి బెల్టు మార్చాలంటే ఆ మౌంట్ విప్పాల్సిందే, వేరే దారి లేదు. ఆ బోల్టుల చుట్టూ ఏళ్ళ తరబడి పేరుకున్న మట్టి గట్టిపడి ఉంది, వాటి మీద స్పానర్ పడిన గుర్తు ఒక్కటీ లేదు. దాని పక్కనే స్టిక్కర్ మాత్రం తళతళలాడుతోంది.

బెల్టు తెగినా, ఇలా పళ్ళు ఊడినా ఏమవుతుందో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో. కింద పిస్టన్లతో తిరిగే షాఫ్ట్ (క్రాంక్) రెండు చుట్లు తిరిగితే పైన వాల్వులు తెరిచే షాఫ్ట్ (క్యామ్) ఒక చుట్టు తిరగాలి, ఆ లెక్క తప్పకుండా పట్టి ఉంచేది ఈ బెల్టే. అది తెగగానే క్యామ్ ఆగిపోతుంది, తెరుచుకున్న వాల్వులు తెరుచుకున్నట్టే ఉండిపోతాయి, కింద నుంచి పిస్టన్ వచ్చి వాటిని గుద్దేస్తుంది. నా బండిలో ఎనిమిదికి ఎనిమిది వాల్వులూ వంగిపోయాయి, రెండు పిస్టన్ల మీద నొక్కులు పడ్డాయి. హెడ్డు దింపి లేత్ పని, వాల్వులు, గ్యాస్కెట్లు, బెల్టు కిట్టు, వాటర్ పంపు, లేబరు అన్నీ కలిపి 92 వేలు. టైముకి బెల్టు మార్చి ఉంటే పదిహేను వేలతో అయిపోయే పని.

అసలు మాట ఇప్పుడు చెబుతాను. ఆర్సీలో పేరు ఉంది కాబట్టి పాత ఓనర్‌ని తెలిసినవాళ్ళ ద్వారా పట్టుకుని ఫోన్ చేశాను. చాలా పద్ధతిగా మాట్లాడారు. ‘నేను బెల్టు మార్పించలేదండీ. టైమైపోయిందని సర్వీసులో చెప్పారు, అంత ఖర్చు ఎందుకని అమ్మేశాను. కన్సల్టెన్సీ వాళ్ళకు ఆ మాట చెప్పాను కూడా, దాన్ని పట్టుకునే నా రేటులో పాతిక వేలు కోశారు’ అన్నారు. చదివారా? బెల్టు మార్చాలని చెప్పి ఆయన దగ్గర పాతిక వేలు తగ్గించుకున్నారు, బెల్టు మార్చామని చెప్పి నా దగ్గర ఫుల్ రేటు తీసుకున్నారు, మధ్యలో వాళ్ళకు అయిన ఖర్చు ఒక స్టిక్కర్. తెలియక జరిగితే పోనీలే అనుకునేవాణ్ణి. తెలిసి, నా కుటుంబం ఎక్కుతుందని తెలిసి చేశారు.

ఆ పాడైన బెల్టు సంచిలో పెట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళాను. అమ్మేటప్పుడు అన్నా అన్నా అన్న మనిషి కుర్చీలోంచి లేవలేదు. ‘పాత బండి సార్, రబ్బరు ముక్క తెగితే మాకేం సంబంధం’ అన్నాడు. పాత ఓనర్ చెప్పింది చెబితే, ‘స్టిక్కర్ మీద మా షాపు పేరుందా?’ అన్నాడు. హైవే మీద మా అమ్మ, పిల్లలు ఉన్నారు, వెనక లారీ ఉంది, ఒక్క క్షణం అటూ ఇటూ అయితే ఏమయ్యేదో తెలుసా అని అడిగాను. ఫోన్ చూసుకుంటూనే, ‘ఎవరికీ ఏం కాలేదుగా సార్, ఇంకెందుకు గొడవ’ అన్నాడు. 92 వేలు ఎలాగోలా సర్దుకుంటాను గానీ ఈ మాట మాత్రం మింగుడు పడటం లేదు. అప్పుడే పక్కన ఒక జంట చిన్న పాపతో ఇంకో డీజిల్ బండి చూస్తున్నారు, దాని బానెట్ కింద కూడా అలాంటి స్టిక్కరే, అదే నల్ల మార్కర్ రాత. వాళ్ళకు అక్కడే అంతా చెప్పేశాను. నన్ను బయటికి పంపించేశారు, ఆ జంట కూడా నా వెనకే వచ్చేశారు, అదొక్కటే తృప్తి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తున్నాను. కొన్నదానికి మనం కట్టిన డబ్బు 5 లక్షల లోపైతే కేసుకు ఫీజు ఉండదు, రెండేళ్ళ లోపు వేయాలి, కాబట్టి ఇలా మోసపోయినవాళ్ళు ఊరికే వదిలేయకండి. ఇంకోటి, 2023 ఏప్రిల్ నుంచి పాత బండ్లు అమ్మే డీలర్లు ఆర్టీఏ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, అది చూపించమని అడగండి.

కొనేటప్పుడు స్టిక్కర్‌ని లెక్కలోకి తీసుకోకండి. పార్టుల బిల్లు, దాని మీద బండి నంబరు, కిలోమీటర్లు ఉండాలి, లేదంటే బెల్టు మారలేదనే అనుకుని ఆ ఖర్చు రేటులో తగ్గించుకుని వెంటనే మార్పించేయండి. డస్టర్, టెర్రానో, వెరిటో డీజిల్, పోలో, వెంటో, ర్యాపిడ్ 1.5 డీజిల్, ఎకోస్పోర్ట్ 1.5 డీజిల్, క్రిస్టా కంటే ముందు వచ్చిన 2.5 ఇన్నోవా, ఇవన్నీ బెల్టు బండ్లే. ఇన్నోవాకు మీటర్‌లో బెల్టు లైటు వస్తుంది, కానీ దాన్ని రీసెట్ చేసేయొచ్చు, అందుకే లైటు లేదు కదా అని ఊరుకోవద్దు. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్ చూడండి. కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఏళ్ళు గడిస్తే రబ్బరు పాడవుతుంది, నా డస్టర్‌కి మా మెకానిక్ చెప్పిన లెక్క 80 వేలు లేదా ఐదేళ్ళు, ఏది ముందైతే అది. ఆయిల్ సీల్ కారి బెల్టు మీద పడుతుంటే అప్పటిదాకా కూడా ఆగకూడదు. మార్చేటప్పుడు బెల్టుని బిగువుగా ఉంచే టెన్షనర్, పుల్లీలు, వాటర్ పంపు కూడా కలిపి మార్పించండి, పాత బెల్టు అడిగి ఇంటికి తెచ్చుకోండి.

ఈ మధ్య ఆ కన్సల్టెన్సీలో బండి తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఊరికి బయల్దేరే ముందు కవర్ తీయించి మౌంట్ బోల్టులు చూపించుకోండి. నా దగ్గర ఫోటోలున్నాయి, కేసుకు పనికొస్తాయంటే మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.