ఢిల్లీకి మామిడి లోడు, తిరుగు లోడు కోసం రెండు రోజులు

మా లారీకి కిరాయిలు మాట్లాడేది, లెక్కలు రాసేది నేనే. 2021లో అప్పు చేసి పది చక్రాల బండి కొన్నాం. నడిపేది మా ఆయన, మా తమ్ముడు. నేను విజయవాడలో ఇంట్లో కూర్చుని బ్రోకర్లతో ఫోన్లో మాట్లాడతాను. ఇన్నేళ్ళలో ఒక్క ట్రిప్పుకీ బండెక్కలేదు. ఈ మే మొదటి వారంలో పిల్లల్ని అమ్మ దగ్గర వదిలి మొదటిసారి వాళ్ళతో ఢిల్లీ వెళ్ళాను. అక్కడ ఒక బ్రోకరు మమ్మల్ని తిప్పిన తీరు ఇప్పటికీ కడుపులో మండుతోంది. ఒకే బండి పెట్టుకుని లోడ్లు వెతుక్కునే మాలాంటి వాళ్ళకి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదటి ఏడాదిన్నర బండిని ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి అటాచ్ చేశాం. లోడు వెతుక్కునే బాధ లేదు, వాళ్ళు ఎటు పంపితే అటు పోవడమే. కానీ కిరాయి చేతికొచ్చేసరికి రెండు నెలలు పట్టేది. నెలకి 58,400 కిస్తీ మాత్రం అయిదో తేదీకల్లా కట్టాలి. అందుకే బయటికొచ్చి మార్కెట్ బండిగా తిప్పుకుంటున్నాం. డబ్బు తొందరగా తిరుగుతోంది కానీ, ప్రతి లోడుకీ మధ్యలో ఒక మనిషిని నమ్మాల్సి వస్తోంది.

వెళ్ళే లోడు నున్న మామిడి మార్కెట్‌లో దొరికింది. అక్కడి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు పెద్దాయనది మాకు నాలుగేళ్ళ పరిచయం. "అమ్మా, బంగినపల్లి కాయ, ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి, పదిహేడు టన్నులు. కిరాయి లక్షా నాలుగు వేలు. ఎనభై వేలు ఇక్కడ, మిగతాది దించాక అక్కడి వ్యాపారి ఇస్తాడు. నా కమీషన్ పదిహేను వందలు" అని ఒక్క ఫోన్లో మొత్తం చెప్పేస్తారు. మళ్ళీ అడగాల్సిన పని ఉండదు. ఆయన చెప్పినట్టే ఆజాద్‌పూర్‌లో దించిన గంటకి మిగతా 24,000 చేతిలో పెట్టారు. బ్రోకరంటే ఇలాగే ఉంటాడనుకుని ఢిల్లీలో దిగాను.

దారి గురించి ఎక్కువ చెప్పను. హైదరాబాద్ మీదుగా 44వ నంబరు హైవే పట్టుకుంటే ఆదిలాబాద్, నాగ్‌పూర్, సాగర్, ఝాన్సీ, ఆగ్రా. మొత్తం 1,800 కిలోమీటర్ల పైచిలుకు. కాయ పండిపోతుందని ఇద్దరూ మార్చుకుంటూ మూడు రోజుల్లో లాగేశారు. డీజిల్‌కి 43,000, ఫాస్టాగ్‌లో 14,200 పోయాయి. నాగ్‌పూర్ దాటాక పెంచ్ అడవిలో జంతువులు కిందనుంచి వెళ్ళేలా రోడ్డునే స్తంభాల మీద ఎత్తుగా కట్టారు. అక్కడ మాత్రం తమ్ముడు, "అక్కా, చూడు" అని స్పీడు తగ్గించాడు. ఎండ గురించి చెప్పడానికి మాటలు లేవు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మాది పాతది, ఇంజను వేడంతా కాళ్ళ కిందే.

ఆడవాళ్ళు లారీలో వెళ్ళాలనుకుంటే ఒక్క మాట. డీజిల్ పట్టించేది పెద్ద బంకుల్లోనే పెట్టుకోండి. టాయిలెట్‌కి తాళం వేసి ఉన్నా, అడిగితే ఇస్తారు. ధాబాల్లో భోజనం చేస్తే నులక మంచం, స్నానానికి తొట్టి నీళ్ళు ఊరికే ఇస్తారు. అదంతా మగవాళ్ళకి సుఖం, నాకు కాదు. ఆగిన ప్రతిచోటా మా ఆయన ముఖం చిన్నబోయేది. "నీకెందుకు ఈ కష్టం, ఇంటి దగ్గరే ఉంటే పోయేది కదా" అనేవారు. కోపంతో అన్న మాట కాదు, నన్ను అలా చూడలేక.

ఇక అసలు సంగతి. ఆజాద్‌పూర్ నుంచి నాలుగైదు కిలోమీటర్లలో సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్. ఒక వీధి నిండా బుకింగ్ ఆఫీసులు, ఇంకో వీధి నిండా టైర్లు, స్ప్రింగు కమ్మీలు, వెల్డింగు పనివాళ్ళు. దక్షిణాదికి వెళ్ళే బండ్లకి లోడ్లు ఇక్కడే దొరుకుతాయి. మేము బయల్దేరకముందే ఒక బ్రోకరు ఫోన్లో మాట ఇచ్చాడు. ఢిల్లీ పక్కనే హర్యానాలో ఉన్న కుండ్లీలో లోడింగు, హైదరాబాద్‌లో దించాలి, 18 టన్నులు, కిరాయి 82,000, మండీలో ఖాళీ అయిన రోజే లోడు అన్నాడు. ఆర్సీ, లైసెన్సు, పాన్ కార్డు ఫొటోలు పంపమంటే పంపాను.

తెల్లవారుజామున ఖాళీ అయి ఎనిమిదింటికల్లా అతని ఆఫీసు ముందు బండి పెట్టాం. "మధ్యాహ్నానికి" అన్నాడు. మధ్యాహ్నం "సాయంత్రానికి" అన్నాడు. సాయంత్రం ఫోన్ తియ్యలేదు. పార్కింగుకి 200 కట్టి, నేను ఉన్నానని లాడ్జిలో గది తీసుకున్నాం. రోజుకి 1,100. రెండో అంతస్తులో కిటికీ లేని గది, కుళాయిలో చుక్క నీరు లేదు. బకెట్ నీళ్ళకి కుర్రాడు ఇరవై రూపాయలు అడిగాడు. దుప్పటి మీద మరకలు చూసి నా చీర పరుచుకుని పడుకున్నాను. ఫ్యాను తిరిగితే గోడ సున్నం రాలేది. రాత్రి రెండింటికి కరెంటు పోయాక మా ఆయన, నేను కిందికొచ్చి లారీ బాడీలో పట్టా మీద పడుకున్నాం. తమ్ముడు అప్పటికే అక్కడ హాయిగా నిద్రపోతున్నాడు. ఆ వీధుల్లో లాడ్జికి డబ్బు పెట్టొద్దని గట్టిగా చెప్తాను.

రెండో రోజూ అంతే. బండి నిలబడితే నష్టమేమిటో ఇంట్లో కూర్చుని లెక్క రాసేదాన్ని నేను. కిస్తీ ఒక్కటే రోజుకి దాదాపు 1,950. భోజనాలు, పార్కింగు, లాడ్జి కలిపితే మూడున్నర వేలు దాటింది. ఆ లెక్క కాగితం మీద వేరు, బండి పక్కన నిలబడి చూస్తే వేరు. మా ఆయన మాట్లాడటం మానేశారు. ఆయనకి కోపం వస్తే అంతే, టైర్లు ఒక్కొక్కటి తట్టి చూసుకుంటూ చుట్టూ తిరుగుతారు.

సాయంత్రం నాలుగింటికి బ్రోకరు వచ్చాడు. లోడింగు కుండ్లీ కాదు, ఇంకా పైకి వెళ్ళాలట. 18 టన్నులు కాదు, 21. కిరాయి 74,000. హమాలీ డబ్బు 2,600 బండివాడే ఇవ్వాలట. మా బండి పాస్, అంటే చట్టం ఒప్పుకునే లోడు, 18 టన్నులు. చట్టం ప్రకారం ఓవర్‌లోడుకి జరిమానా 20,000, ఎక్కువున్న ప్రతి టన్నుకీ మరో 2,000. అంటే 26,000 నెత్తిన పెట్టుకుని బయల్దేరాలి. తమ్ముడికి హిందీ బాగా వచ్చు, "ఫోన్లో చెప్పింది ఇది కాదు కదా" అని నిలదీశాడు. అప్పుడు బయటపడింది. ఆ లోడు అతనిది కాదు. సరుకు పంపే పార్టీ ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టుకి ఇచ్చింది, వాళ్ళు ఇంకో బ్రోకరుకి, అతను ఇతనికి. ఒక్కొక్క చేతి దగ్గర కొంత కోసుకుంటే చివర బండివాడికి మిగిలింది 74,000. వద్దంటే "కాగితాలు పంపాను, క్యాన్సిల్ ఖర్చు రెండు వేలు ఇవ్వండి" అన్నాడు. ఇవ్వలేదు. ఫోన్లో మాట్లాడిందంతా నా దగ్గర రికార్డయి ఉందని చెప్పాక ఊరుకున్నాడు. కానీ మాకు పోయిన రెండు రోజులు తిరిగి ఎవరిస్తారు?

బయటికొచ్చి టీ తాగుతుంటే పక్క బండి డ్రైవరు, నాందేడ్ అతను, వెనక వీధిలో ఒక ముసలాయన ఆఫీసుకి వెళ్ళమన్నాడు. ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి గురునానక్ పటం. ఆయన మొదట అడిగింది బండి ఎంత పాస్ అని. తర్వాత నన్ను చూసి మంచినీళ్ళు తెప్పించారు. హర్యానా యమునానగర్‌లో ప్లైవుడ్ ఫ్యాక్టరీ, దించేది హైదరాబాద్ గోడౌన్‌లో, 18 టన్నులు, కిరాయి 92,000. తొంభై శాతం అడ్వాన్సు, మిగతాది, సరుకు అందిందని సంతకం చేసిన ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ అందాక. కమీషన్ 2,000, హమాలీ ఫ్యాక్టరీదే. ఇదంతా ఒక చీటీ మీద రాసి సంతకం పెట్టి ఇచ్చారు. ఫ్యాక్టరీ డిస్పాచ్ గుమస్తాతో అక్కడే ఫోన్ కలిపి తమ్ముడితో మాట్లాడించారు. టీడీఎస్, అంటే కిరాయిలోంచి ముందే కోసుకునే ఆదాయపు పన్ను, ఆ మాటా ఆయనే ఎత్తారు. పదికి మించి బండ్లు లేనివాళ్ళు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే టీడీఎస్ కోయకూడదు. ఆ ఫారం తీసి నా చేత పూర్తి చేయించారు. ఇన్నేళ్ళుగా ఒక్కశాతం కోసి పంపే వాళ్ళనే చూశాను నేను.

మా ఆయన ఒప్పుకోలేదు. "రెండు వందల కిలోమీటర్లు ఖాళీగా ఎవరు పోతారు?" అన్నారు. నేను అక్కడే లెక్క వేసి చూపించాను. 200 కిలోమీటర్లంటే యాభై లీటర్లు. అక్కడ డీజిల్ మన దగ్గరకంటే లీటరుకి దాదాపు తొమ్మిది రూపాయలు తక్కువ, 88 వేసుకుంటే 4,400. టోలు 1,200. కమీషన్ కూడా తీసేస్తే 84,400 మిగులుతుంది. మొదటి బ్రోకరు ఫోన్లో ఆశపెట్టిన 82,000 కంటే కూడా ఎక్కువే, పైగా ఓవర్‌లోడు టెన్షన్ లేదు. "సరే, నీ మాటే కానీ" అన్నారు. బావ తలూపాడో లేదో తమ్ముడు బండి స్టార్ట్ చేశాడు.

యమునానగర్ చేరేసరికి రాత్రి పదకొండు. ఊరి బయట గురుద్వారా కనిపిస్తే తమ్ముడు వెళ్ళి అడిగాడు. లారీ బయట పెట్టుకోమన్నారు. మమ్మల్ని లోపలికి పిలిచి అంత రాత్రప్పుడు వేడిగా మినప్పప్పు, రొట్టెలు, చిన్న గిన్నెలో పాయసం పెట్టారు. నేల మీద వరసలో కూర్చుని తిన్నాం. ఒకావిడ నా పళ్ళెంలో రొట్టె అయిపోయినప్పుడల్లా రెండు చేతులతో ఇంకోటి అందించింది. నాకు హిందీ సరిగ్గా రాదు, ఆవిడకి తెలుగు రాదు. నా చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ గదికి తీసుకెళ్ళి, శుభ్రమైన దుప్పటి ఇచ్చి, స్నానాల గది చూపించింది. మూడు రోజుల తర్వాత తలస్నానం చేశాను. ఎవరూ డబ్బు అడగలేదు. పొద్దున్న హుండీలో 500 వేశాం. ఢిల్లీ లాడ్జిలో ఒక్క రాత్రికి 1,100 ఇచ్చి నిద్రలేకుండా గడిపాక ఆ గదిలో నాకు ఏడుపొచ్చింది.

ఫ్యాక్టరీలో పదింటికి మొదలైన లోడింగు మూడింటికి అయిపోయింది. కాటా మీద సరుకు 17,860 కేజీలు. 82,800 అడ్వాన్సు బండి గేటు దాటకముందే ఖాతాలో పడింది. సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున ఇస్తారు కాబట్టి గడువుకి లోటు లేదు. మా ఆయన దారంతా మాట్లాడుతూనే ఉన్నారు. ఝాన్సీ దాటాక నాకు గేర్లు ఎలా మార్చాలో చెప్పడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో దించి, రాత్రికి ఇల్లు చేరాం.

సంతకం చేసిన ఎల్‌ఆర్ కాపీ మర్నాడే కొరియర్ చేశాను, 90 రూపాయలు. ఆరో రోజున మిగతా 9,200 వచ్చింది, ఒక్క రూపాయి కోత లేకుండా. ఆ ముసలాయన ఇచ్చిన చీటీని లెక్కల పుస్తకంలో అంటించాను. నున్నలో మళ్ళీ కాయ లోడు దొరికింది. ఈసారి బయల్దేరకముందే ఆయనకి ఫోన్ చేసి, ఏ రోజు ఖాళీ అవుతామో చెప్పాను.