దాణాలో కలిపే ప్రోబయోటిక్ పొడి: సంచి మీద రాసినంత ఉందా?

‘పశువుల పేగుల్లోని హానికర క్రిములను నిర్మూలిస్తుంది’ అని సంచి మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసిన ఒక ప్రోబయోటిక్ పొడిని (మేలుచేసే బతికున్న బ్యాక్టీరియా కలిపిన పొడి) మూడు నెలలపాటు మా ఆవుల దాణాలో కలిపి చూశాను. ఆవులు వాసన చూసి ముఖం తిప్పుకోలేదు సరికదా, తొట్టి అడుగు వరకు నాకాయి. ధాన్యం వాటా ఎక్కువైనప్పుడు నురగతో పలుచగా పడే పేడ రెండో వారానికి గట్టిపడింది; అయితే అదే వారంలో ఎండుగడ్డి కూడా పెంచాను కాబట్టి, ఆ గుణం దేనిదో తేల్చుకునే అవకాశాన్ని నేనే చెడగొట్టుకున్నాను.

అసలు ప్రశ్న పేడ గట్టిదనం గురించి కాదు. మనుషులకు నెత్తురు విరేచనాలు, పిల్లల్లో మూత్రపిండాల వైఫల్యం కలిగించగల ఇ.కోలై ఓ157:హెచ్7 అనే బ్యాక్టీరియా ఆవుకు ఏ జబ్బూ చేయకుండా, దాని పేగు చివర మలద్వారానికి ఆనుకుని స్థిరపడి, పేడతో బయటికి వస్తుంది. కనుక పేడను చూసి దాని ఉనికిని చెప్పలేము. ల్యాబ్ పరీక్ష ఒక్కటే మార్గం.

మేత ప్రభావం ఉన్న మాట నిజమే. ధాన్యం ఎక్కువైతే మొదటి పొట్టలో పూర్తిగా పులియని పిండిపదార్థం పెద్దపేగు దాకా జారి అక్కడ పులుస్తుంది. ఆ ఆమ్లానికి అలవాటుపడిన ఇ.కోలై మన జీర్ణాశయంలోని ఆమ్లాన్ని కూడా తట్టుకోగలదు. పశువులను 5 రోజులు ఎండుగడ్డికి మారిస్తే అటువంటి ఇ.కోలై బాగా తగ్గిందని 1998లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు గానీ, ఓ157 విషయంలో తర్వాతి పరీక్షల ఫలితాలు ఒకేలా రాలేదు. ప్రోబయోటిక్‌గా వాడే బ్యాక్టీరియా లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్‌లోనూ కొన్ని ప్రత్యేక రకాలను, పశువుకు రోజుకు సుమారు 100 కోట్ల జీవకణాల మోతాదులో ఇచ్చినప్పుడు పేడలో ఓ157 విసర్జన తగ్గిందే తప్ప పూర్తిగా పోలేదు.

ఈ సంచి మీద బ్యాక్టీరియా రకం సంఖ్య గానీ, గడువు తేదీనాటికి బతికి ఉండే కణాల లెక్క గానీ లేదు. అడిగితే కంపెనీ వారు రంగుల కరపత్రాన్నే మళ్లీ పంపారు. పైగా, సంచి విప్పిన నెలన్నరకు అడుగున ఉన్న పొడి తేమకు ఉండలు కట్టింది. చెమ్మ తగిలిన పొడిలో ఎన్ని కణాలు బతికి ఉంటాయో ఎవరు హామీ ఇస్తారు?

ఆ రెండు వివరాలూ సంచి మీదికి ఎక్కిన రోజున మళ్లీ కొంటాను. అంతవరకు ఆ డబ్బు ఎండుగడ్డికే.