సహనమా, కలుపుగోలుతనమా?

వేరే మతం, వేరే కులం వాళ్లతో మెలిగే తీరు గురించి రాసేటప్పుడు పత్రికలు ఎక్కువగా ‘సహనం’ అంటాయి. సంస్కృత ‘సహ్’ ధాతువుకు ఓర్చుకోవడం అని అర్థం. పంటినొప్పిని కూడా సహిస్తాం కదా! లాటిన్ నుంచి వచ్చిన టాలరెన్స్‌కూ మూలార్థం అదే.

‘కలుపుగోలుతనం’లో ఉన్నది అచ్చ తెలుగు ‘కలుపు’. ఓర్చుకోవడం కాదు, దగ్గరికి తీసుకోవడం. పాలకవీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులు కూడా పెద్ద సంఖ్యలో వస్తారు. పాలమూరు పల్లెల్లో పీర్ల పండుగ ఊరందరిదీ, పీర్లను ఎత్తుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. దీన్ని సహనం అంటే ఆ ఊళ్లను తక్కువ చేసినట్టే.

చట్టం దగ్గర మాత్రం సహనమే పనికొస్తుంది. కలుపుగోలుగా లేడని ఎవరి మీదా కేసు పెట్టలేం.