అనంతపురం అంగళ్లలో దొరికే శ్వాసక్రియ కిట్: ఫ్లాస్కుకు పూర్తి మార్కులు, చార్టుకు సున్నా

టవర్ క్లాక్ చుట్టుపక్కల ల్యాబ్ సామాన్లు అమ్మే అంగళ్లలో పదో తరగతికి, ఇంటర్ బైపీసీకి పనికొచ్చే శ్వాసక్రియ కిట్ ఒకటి దొరుకుతోంది. ధర రూ.1,850. రెండు మూడు పెట్టెలు కలిపి తీసుకుంటే 1,700కు ఇస్తారు. చక్కెర లోపలికి వెళ్తే వేడి, కార్బన్ డయాక్సైడ్, ఆల్కహాల్ బయటికి వస్తాయని కళ్లకు చూపించడానికి ఇది మంచి సరుకే. మధ్యలో కణం ఏం చేస్తుందో చెప్పాల్సిన రంగుల చార్టు మాత్రం తప్పుల తడక. కొనొచ్చు కానీ, పెట్టెలో ఇచ్చిన కాగితాన్ని నమ్ముకుని ప్రయోగం చేస్తే సగం పనులు చెడతాయి.

అర లీటరు థర్మాస్ ఫ్లాస్కు, రెండు రంధ్రాల రబ్బరు బిరడా, వంచిన గాజు గొట్టం, థర్మామీటరు, ఈస్టు పొట్లం, 100 గ్రాముల గ్లూకోజ్, లిక్విడ్ పారఫిన్, జానస్ గ్రీన్ బి రంగు, సున్నపుతేట సీసా, పొటాషియం హైడ్రాక్సైడ్ బిళ్లలు, యూ ఆకారపు గొట్టం, చార్టు. ఇదీ సరంజామా.

అసలు విలువంతా థర్మాస్ ప్రయోగంలో ఉంది. 200 మి.లీ. నీళ్లలో 10 గ్రాముల గ్లూకోజ్ కరిగించి ఐదు నిమిషాలు మరగనివ్వాలి. నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్ పోవడానికే ఈ మరగబెట్టడం. తర్వాత కుదపకుండా 35 డిగ్రీలకు చల్లారనివ్వాలి. గ్లాసు నుంచి గ్లాసుకు తిరగబోసి చల్లార్చితే పోగొట్టిన ఆక్సిజన్ మళ్లీ లోపలికి చేరుతుంది. చల్లారాక 5 గ్రాముల ఈస్టు, నాలుగైదు చుక్కల జానస్ గ్రీన్ వేసి, గాలి తగలకుండా పైన సెంటీమీటరు మందాన పారఫిన్ పోయాలి. ఆక్సిజన్ తగ్గేకొద్దీ నీలిరంగు గులాబీలోకి తిరుగుతుంది. థర్మాస్ లోపల రంగు కనబడదు కాబట్టి ఈ మిశ్రమాన్నే కొంచెం గాజు పరీక్షనాళికలోకి తీసి, దానిమీద కూడా పారఫిన్ పోసి పక్కన పెట్టుకోండి. కిట్ కాగితంలో ఈ ముక్క లేదు.

ఈస్టు పొట్లం మీద తేదీ చూసి మోసపోకండి. రేకుల కప్పు కింద వేసవంతా ఉన్న పొట్లంలో ఈస్టు బతికి ఉండదు. గోరువెచ్చని అరగ్లాసు నీళ్లలో చెంచా చక్కెర, చెంచా ఈస్టు వేసి పది పదిహేను నిమిషాలు చూడండి. నురగ రాకపోతే పారేసి, బేకరీ సామాన్ల అంగట్లో సీల్ ఉన్న ఇన్‌స్టంట్ ఈస్టు తెచ్చుకోండి. కిట్‌లోని గ్లూకోజ్ అయిపోతే మందుల షాపు గ్లూకోజ్ పొడి, ఇంట్లో చక్కెర, బెల్లం ఏదైనా పనిచేస్తుంది. చక్కెరను విడగొట్టే ఇన్వర్టేజ్ అనే ఎంజైము ఈస్టులోనే ఉంది. పాలలోని లాక్టోజ్‌ను మాత్రం బేకరీ ఈస్టు ముట్టుకోదు.

థర్మామీటరు దగ్గర కిట్ తయారుచేసినవాళ్లు పిసినారితనం చూపించారు. రెండు డిగ్రీలకో గీత ఉంది, మొదటి గంటలో పెరిగే వేడి దాదాపు అంతే. డిగ్రీకో గీత ఉన్నది కొనాలి, అరడిగ్రీది దొరికితే ఇంకా మేలు. అంతకంటే పెద్ద లోపం రెండో ఫ్లాస్కు లేకపోవడం. ఏప్రిల్, మే నెలల్లో మన గదుల్లోనే 38, 40 డిగ్రీలు ఉంటాయి. 35 డిగ్రీల ద్రావణాన్ని ఏ ఫ్లాస్కులో పోసి వదిలినా బయటి వేడి మెల్లగా లోపలికి పాకుతుంది, ఈస్టు ఉన్నా లేకున్నా థర్మామీటరు ఎక్కుతుంది. ఉడికించి చంపిన ఈస్టుతో ఇంకో ఫ్లాస్కు పక్కన పెడితే తప్ప ఆ వేడి ఎవరిదో తేల్చలేం. అదే రకం ఫ్లాస్కు మరొకటి కొనుక్కోండి, లేదా ప్రయోగాన్ని డిసెంబరుకు పెట్టుకోండి.

బిరడాలోకి గాజు గొట్టం దూర్చేటప్పుడు గ్లిజరిన్ పూసి, చేతికి గుడ్డ చుట్టుకుని, బిరడాకు దగ్గరగా పట్టి తిప్పుతూ ఎక్కించాలి. పొడిగా నెడితే విరిగి అరచేతిలో దిగుతుంది. ద్రావణం వేడిగా ఉండగానే బిరడా బిగిస్తే చల్లారేటప్పుడు గొట్టం అవతలి కొస ముంచిన సున్నపుతేట వెనక్కి ఫ్లాస్కులోకి వచ్చేస్తుంది. గొట్టాన్ని మూసి ఉంచడం అసలే కూడదు: 10 గ్రాముల గ్లూకోజ్ పూర్తిగా పులిస్తే రెండున్నర లీటర్లకు పైగా వాయువు వస్తుంది, బిరడా ఎగిరి పైకప్పుకు తగులుతుంది.

ఇక కార్బన్ డయాక్సైడ్ తగిలితే తెల్లబడే సున్నపుతేట. కిట్‌లోని సీసా సగమే నిండి ఉంటుంది, పైన తెల్లటి పొర. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి అది ముందే కొంత చచ్చిపోయింది. సొంతంగా చేసుకోవడమే మంచిది. కానీ అనంతపురం బోరు నీళ్లతో చేస్తే ప్రయోగం మొదలవకముందే తెల్లగా పాలలా అయిపోతుంది. బోరు నీళ్ల గట్టిదనంలో పెద్ద భాగం కాల్షియం బైకార్బొనేటుది. సున్నం తగిలితే అది కాల్షియం కార్బొనేటుగా అవక్షేపిస్తుంది. ఈస్టు నుంచి ఒక్క బుడగ కూడా రాకముందే సున్నపుతేట తెల్లబడితే పిల్లలు ఏం అర్థం చేసుకుంటారు? ఇన్వర్టర్ బ్యాటరీల్లో పోసే బ్యాటరీ నీళ్లు లీటరు తెచ్చి, 2 గ్రాముల పొడిసున్నం కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచి, పైతేటను వడగట్టండి. తమలపాకు సున్నమైనా సరే, వాసనలు కలపని తెల్లదైతే చాలు. ఇంకో సంగతి, తెల్లబడ్డాక కూడా వాయువును పంపుతూ పోతే తెలుపు విరిగి మళ్లీ తేటగా అవుతుంది. ఆలస్యంగా చూసినవాళ్లు ఏమీ జరగలేదనుకుంటారు.

మొలకల ప్రయోగానికి కాగితంలో ‘ఏ విత్తనాలైనా’ అని రాశారు. ఇక్కడివాళ్ల చేతికి ముందు దొరికేవి శెనక్కాయ విత్తనాలే కదా. అక్కడే తేడా కొడుతుంది. శెనక్కాయ మొలకెత్తేటప్పుడు వాడుకునేది ముఖ్యంగా నూనెను. జొన్న వాడుకునేది పిండిని, అంటే చివరికి చక్కెరను. శ్వాసక్రియలో చక్కెర ఖర్చయితే తీసుకున్న ఆక్సిజన్‌కు సమానంగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, నిష్పత్తి 1. నూనెకైతే అది 0.7 దగ్గర ఉంటుంది. యూ గొట్టంలో, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేసే పొటాషియం హైడ్రాక్సైడ్ పెట్టకుండా జొన్న మొలకలు వేస్తే నీటిమట్టం దాదాపు కదలదు. శెనక్కాయలు వేస్తే విత్తనాల వైపుకు ఎక్కుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చార్టు మొత్తం చెప్పలేనిది ఆ గొట్టం చెబుతుంది. చక్కెర పాఠానికి మాత్రం జొన్నో కొర్రో వాడండి. మొలకలను మొదట పలచటి బ్లీచింగ్ నీళ్లలో కడగకపోతే బూజు పడుతుంది, బూజు కూడా శ్వాసిస్తుంది, లెక్క తప్పుతుంది. హైడ్రాక్సైడ్ బిళ్లలను చేత్తో తాకకండి, డబ్బా తెరిచిన వెంటనే మూసేయండి, గాలిలోని తేమకే నీరుగారిపోతాయి.

చార్టు సంగతి. గ్లూకోజ్‌ను విడగొట్టే తొలి దశ గ్లైకాలిసిస్‌ను, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా లోపల వేశారు. అది జరిగేది బయట, కణద్రవ్యంలో. పది మెట్లలో ఒక గ్లూకోజ్ రెండు పైరువిక్ ఆమ్లం అణువులుగా విడిపోతుంది. కణం శక్తికి వాడుకునే అణువులైన ఏటీపీల్లో రెండు ఖర్చుపెట్టి నాలుగు సంపాదిస్తుంది, మిగిలేది రెండే. మైటోకాండ్రియాలోకి వెళ్లేది పైరువిక్ ఆమ్లం, గ్లూకోజ్ కాదు. రెండో తప్పు ఇంకా మొండిది. పీల్చిన ఆక్సిజన్ నుంచి బాణం గీసి కార్బన్ డయాక్సైడ్‌కు కలిపారు. ఆ ఆక్సిజన్ చివరి మెట్టులో ఎలక్ట్రాన్లను, ప్రోటాన్లను తీసుకుని నీరవుతుంది. బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ గ్లూకోజ్‌ది, నీళ్లది.

ఆక్సిజన్ లేకపోతే ఈస్టు ఆల్కహాల్ ఎందుకు చేస్తుందన్న ప్రశ్నకు చార్టులో జవాబే లేదు. గ్లైకాలిసిస్‌లో ఎన్ఏడీ అనే అణువు ఎలక్ట్రాన్లను మోసుకుని ఎన్ఏడీహెచ్ అవుతుంది. సరుకు దింపితేనే లారీ మళ్లీ లోడుకు వెళ్లగలదు. ఆక్సిజన్ ఉంటే మైటోకాండ్రియాలో దింపుతుంది, లేకపోతే పైరువిక్ ఆమ్లం నుంచి వచ్చిన ఎసిటాల్డిహైడ్ మీద దింపుతుంది, అది ఆల్కహాల్ అవుతుంది. మన కండరంలోనైతే పైరువిక్ ఆమ్లం మీదే దింపుతుంది, అది లాక్టిక్ ఆమ్లమవుతుంది. రెండు చోట్లా ఈ దింపుడులో కొత్త ఏటీపీ ఏమీ రాదు, గ్లైకాలిసిస్ ఆగకుండా సాగుతుంది, అంతే.

ఒక గ్లూకోజ్‌కు 38 ఏటీపీలు అని పెద్ద అక్షరాల్లో వేశారు. చాలా పాఠ్యపుస్తకాల్లో అదే అంకె ఉంది కాబట్టి పరీక్షకు అదే రాయక తప్పదు. నిజానికి ఒక ఎన్ఏడీహెచ్‌కు 3 కాదు, సుమారు 2.5 ఏటీపీలు, అలాగే ఎలక్ట్రాన్లను మోసే ఎఫ్ఏడీహెచ్2కు 1.5. ఆ లెక్కన మొత్తం 30 నుంచి 32. గ్లూకోజ్‌లోని శక్తిలో మూడోవంతు ఏటీపీలోకి చేరుతుంది, మిగిలింది వేడి. పులియడంలో చేతికొచ్చేవి రెండే, గ్లూకోజ్‌లోని శక్తిలో ఎక్కువ భాగం ఆల్కహాల్‌లోనే ఉండిపోతుంది. అందుకే ఆల్కహాల్ మండుతుంది.

చార్టు మూలన శాస్త్రవేత్త క్రెబ్స్ ఫొటో పెట్టారు, బాగుంది, మైటోకాండ్రియాలో కార్బన్ డయాక్సైడ్ విడుదలయ్యే చర్యల వలయాన్ని 1937లో తేల్చింది ఆయనే. కానీ తెలుగు పిల్లలకు అమ్మే చార్టులో యల్లాప్రగడ సుబ్బారావు ఎందుకు లేడు? భీమవరంలో పుట్టి, హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని వేరుచేసినవాడు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. ఇద్దరి ఫొటోలకూ చోటుంది, అక్కడ ఇప్పుడు కంపెనీ లోగో వేసుకున్నారు.

అంగడివాళ్లు మర్యాదగానే మాట్లాడతారు, బిల్లు ఇస్తారు, పగిలిన గాజు గొట్టం ఆ వారంలో మారుస్తారు. పెట్టెను అక్కడే తెరిపించి ఫ్లాస్కును చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల గాజు గలగలమంటే తీసుకోవద్దు. రంగు, పారఫిన్, గ్లిజరిన్ విడిగా కూడా అమ్ముతారు. స్కూల్లో ఇప్పటికే బీకర్లు, గొట్టాలు ఉంటే పెట్టె మొత్తం కొనకుండా రెండు థర్మాస్‌లు, డిగ్రీ గీతల థర్మామీటరు, జానస్ గ్రీన్ విడిగా అడగండి, చాలా తక్కువలో అయిపోతుంది.